గుల్ల తరఫు సాక్షి

పంచాయతీలో నేను సాక్ష్యం చెప్పింది జీవితంలో ఒక్కసారే. అది కూడా గుల్ల తరఫున.

పడవల అడుగున, రేవులో పాతిన గుంజల మీద, ఉప్పునీళ్ళలో నానే ఏ రాయి మీదైనా సరే, సున్నం చుక్కలు చిలకరిస్తే గట్టిపడినట్టు తెల్లగా, గరుకుగా అంటుకుని ఉంటాయి. ఒక్కొక్కటీ బొటనవేలి గోరంత. నడిమధ్య చిన్న నోరు, ఆ నోటికి తలుపులు. పొరపాటున కాలు పెడితే పాదం కోసుకుపోతుంది. వాటిని అక్కడ గుల్ల అనేవారు. వాటి గురించి అంతకుమించి తెలుసుకోవలసిన అవసరం ఆ పల్లెలో ఎవరికీ లేదు. నాకు ఉంది. నేను సైన్సు అయ్యవారిని.

పంతొమ్మిది వందల అరవైలో నన్ను ముత్తుకూరు దాటాక ఉప్పుటేరు ఒడ్డున ఉన్న ఒక ఊరి హైస్కూల్లో వేశారు. మాది నెల్లూరికి పడమర, వరి పండే ఊరు. అప్పటిదాకా నేను చూసిన పెద్ద నీళ్ళు వరదలప్పటి పెన్న నీళ్ళే. అయినా బి.ఎస్సీ.లో జంతుశాస్త్రం చదివినవాణ్ణి కాబట్టి సముద్రంలో ఉండే ప్రాణుల్ని చాలావాటిని చూశాను. సీసాల్లో చూశాను. అన్నీ చచ్చినవే. గుల్ల బొమ్మ కూడా వేశాను. ఏ భాగం ఏదో గీతలు గీసి పేర్లు రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను.

పెళ్ళికానివాడికి ఊళ్ళో ఎవరూ ఇల్లు ఇవ్వలేదు. చివరికి చేపలు పట్టుకునేవాళ్ళ పల్లెలో ఒకామె తన ఇంటి పక్కన వలలు పెట్టుకునే గదిని ఖాళీ చేసి ఇచ్చింది. వలల్ని ఖాళీ చేసింది గానీ వాసనను చెయ్యలేదు. నాకంటే పదేళ్ళు పెద్దది. అక్కా అని పిలిచేవాణ్ణి. అక్కా అన్నాక ఆమె భర్తను బావా అనాలి. కానీ ఆయనకు అప్పటికే ఒక బామ్మర్ది ఉన్నాడు, ఆ ఒక్కడితోనే పడలేక సతమతమవుతున్నాడు. అందుకని ఆయన్ని అన్నా అనే పిలిచాను.

ఆ బామ్మర్ది అక్కకు ఒక్కగానొక్క తమ్ముడు. తల్లి పోయినప్పుడు వాడికి నాలుగేళ్ళట. అక్కే పెంచింది. పెళ్ళయి వచ్చేటప్పుడు వాణ్ణి కూడా వెంటబెట్టుకునే వచ్చింది. వాడు పెద్దవాడయ్యాక బావా బామ్మర్దీ కలిసి ఒక పడవ చేయించుకున్నారు. చెరి సగం. పడవ ఇద్దరిదీ అయినా, ఎవరి సగం ఏదో ఎవరికీ తెలియదు కాబట్టి చాన్నాళ్ళు గొడవలేమీ రాలేదు.

ఆ వైపు తుఫాన్లు వచ్చే కాలంలో ఐదారు వారాల పాటు పడవలు సముద్రంలోకి పోవు. ఆ రోజుల్లో పడవను ఒడ్డుకు లాగి, బోర్లించి, అంటుకున్న గుల్లల్ని పాత కొడవలితో గీకి, తాటాకు మంట చూపించి, చేపనూనె, గుగ్గిలం పట్టిస్తారు. ఆ ఏడు తమ్ముడు అత్తగారి ఊరికి, పులికాటు వైపు పోయి రెండు నెలలు ఉండిపోయాడు. పడవను ఒడ్డుకు లాగే పని అన్న మీద పడింది. ఆయన మంచివాడు. రేపు అనే మాట మీద ఆయనకు చాలా నమ్మకం. రేపు లాగుదాం అన్నాడు. వాన వెలిశాక అన్నాడు. నలుగురు మనుషులు కుదిరాక అన్నాడు. పడవ మాత్రం ఏటిలోనే, కట్టిన గుంజకు కట్టినట్టే, కార్తీకం దాటిపోయి మార్గశిరం వచ్చినా ఉండిపోయింది. తమ్ముడు తిరిగి వచ్చి చూసేసరికి దాని అడుగంతా వడియాలు పెట్టిన దుప్పటిలా ఉంది. ఆ రోజు పైపైన గీకి, మరునాడే వేటకు బయలుదేరారు.

ఒడ్డు కనపడనంత దూరం పోయాక అడుగు పలక ఒకటి మెత్తగా లోపలికి వచ్చేసింది. ఇద్దరూ, వాళ్ళతో పోయిన ఇంకొకాయన కలిసి, పొద్దెక్కేదాకా డబ్బాలతో నీళ్ళు తోడుతూ, చేతికందిన గుడ్డలన్నీ కుక్కుతూ, ఎలాగో ఏరు సముద్రంలో కలిసే మొగదాకా వచ్చిపడ్డారు. తమ్ముడి భార్యకు అప్పుడు ఏడో నెల. ఒడ్డున దిగాక వాడు బావతో ఒక్క మాటే అన్నాడట.

"గుల్లల్ని పెంచినావు గదా బావా. కోడిపిల్లల్ని పెంచినట్టు పెంచినావు. నీ గుల్లలు పడవని తినేసినాయి."

ఆ రోజు నుంచి వాడు అక్క గుమ్మం తొక్కలేదు. ఎదురుపడితే అక్కతో కూడా మాట్లాడలేదు. ఆమె వండింది గిన్నెలో పెట్టుకుని వాడి ఇంటికి పోయేది. మరదలు తీసుకునేది. వాడు చూరు కింద కూర్చుని వల అల్లుకుంటూ ఉండేవాడు, తల ఎత్తేవాడు కాదు. ఆమె ఖాళీ గిన్నెతో తిరిగి వచ్చి ఇంట్లో ఏదో ఒక పనిలో పడేది. బాధపడినట్టు కనపడేది కాదు. గిన్నెలు తోమే చప్పుడు మాత్రం మామూలుకంటే ఎక్కువగా వినపడేది.

సరిగ్గా అదే వారం నేను ఎనిమిదో తరగతిలో రొయ్యలు, పీతల పాఠం చెప్పాను. పాఠంలో ఉన్నదే చెప్పాను. గుల్ల నత్త జాతి కాదని, రొయ్యకూ పీతకూ చుట్టమని చెప్పాను. పుట్టినప్పుడు నీళ్ళలో ఈదుతుందని, తర్వాత ఒకచోట నెత్తిని అంటించేసుకుని, చుట్టూ గోడ కట్టుకుని, కాళ్ళు పైకి పెట్టి, ఆ కాళ్ళతో నీళ్ళలోని సన్నటి నలుసుల్ని వడగట్టుకు తింటుందని చెప్పాను. దానికి చెక్కతో పని లేదని, కూర్చోవడానికి పీట కావాలి గనుక చెక్కను పట్టుకుంటుందని కూడా చెప్పాను. ఈ చివరి మాట పుస్తకంలో లేదు. అది నా సొంతం. చిక్కంతా దానివల్లే వచ్చింది.

సాయంత్రం నేను గదికి చేరేసరికి అన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పడవ గొడవ మొదలయ్యాక ఆ ముఖంలో నవ్వు చూడటం అదే మొదటిసారి.

"అయివోరా, గుల్ల చెక్క తినదంట గదా?"

"తినదన్నా."

"పుస్తకంలో ఉండాదా?"

"ఉంది."

"ఇంగ్లీషు పుస్తకంలోనా?"

"ఇంగ్లీషు పుస్తకంలోనే."

ఆయన తలపాగా సర్దుకుని ఊళ్ళోకి వెళ్ళిపోయాడు. పొద్దుగూకే లోపల పల్లె మొత్తానికీ తెలిసిపోయింది, గుల్లకు పడవ విషయంలో ఏ పాపమూ లేదని, ఆ సంగతి ఇంగ్లీషులో ఉందని.

మరునాడు పొద్దున్నే తమ్ముడు వచ్చాడు. గదిలోకి రాలేదు. గుమ్మం బయట, అక్కకు కనపడేంత దూరంలో, ఆమెను చూడకుండా నిలబడ్డాడు.

"అయివోరా, మీరు ఏటిలో దిగినారా ఎప్పుడన్నా?"

"లేదు."

"పడవ ఎక్కినారా?"

"లేదు."

"గుల్ల తినేది చూసినారా?"

అబద్ధం ఆడదామని ఒక క్షణం అనిపించింది. "లేదు" అన్నాను.

"నేను నీళ్ళు తోడినాను" అన్నాడు వాడు. "మూడు గంటలు తోడినాను." అని వెళ్ళిపోయాడు.

 నేను చదివింది నిజమే, వాడు తోడిందీ నిజమే. కొత్త పలకలు ఎవరు వెయ్యాలన్న తగువు అప్పటికే ఊరి పెద్దాయన దగ్గరకు పోయింది. గుల్ల తిన్నదని తేలితే తప్పు గుల్లల్ని గీకని అన్న మీద పడుతుంది. గుల్ల తినలేదని తేలితే తప్పు ఎవరిదో తెలియదు కాబట్టి ఇద్దరూ కలిసి వెయ్యాలి. ఆ పెద్దాయన డెబ్బై ఏళ్ళవాడు, మాట తక్కువ. నన్ను పిలిపించి ఒకటే చెప్పాడు.

"పుస్తకం మేం చదవలేం. గుల్లని చూడగలం. అది ఏం తింటాదో చూపించండి. చూసినాక మాట్లాడుకుందాం."

సరే అన్నాను. చాలా సులువనుకున్నాను.

స్కూలు లాబులో గాజు జాడీ ఒకటే ఉండేది. అందులో మందులో నిలవపెట్టిన ఒక పాము ఉండేది. పామును తీసి మట్టికుండలో పెట్టి, జాడీ కడిగి, ఉప్పుటేటి నీళ్ళు పోసి, రేవు దగ్గర గుల్లలు పట్టిన చిన్న రాయి ఒకటి తెచ్చి వేశాను. ఎనిమిదో తరగతి మొత్తం చుట్టూ నిలబడి ఒక పీరియడంతా చూసింది. గుల్లలు తలుపులు మూసుకునే ఉన్నాయి. మర్నాడూ అంతే. మూడో రోజుకు అవి తలుపులు తెరిచాయి, కానీ తెరిచినందుకు సంతోషించే వాసన కాదది. జాడీ ఎంత కడిగినా పాము మందు పోలేదని అప్పుడు అర్థమైంది. గుల్లలు చచ్చిపోయాయి. హెడ్మాస్టరుగారు ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని, పామే నయం కదండీ అన్నారు. పామును మళ్ళీ జాడీలో పెట్టాను.

గుల్ల తినేది చూపిస్తానన్న అయ్యవారు గుల్లనే చంపాడని పల్లెలో అనుకున్నారు. అదీ నిజమే. అన్న ముఖంలో నవ్వు పోయింది.

ఆ సాయంత్రం అక్క తన పింగాణీ బేసిను తెచ్చి నా ముందు పెట్టింది. తెల్లది, అంచుకు నీలం గీత. పెళ్ళిలో వచ్చిందట, అటక మీదే ఉండేది. అందులో అప్పటికే నిండా ఏటి నీళ్ళు, అడుగున అరచేతంత రాయి, దాని మీద ఏడెనిమిది గుల్లలు. సముద్రపు పోటు మీద, నీళ్ళు తేటగా ఉన్నప్పుడు తనే మోకాలిలోతుకు దిగి తెచ్చింది.

"మందులూ మాకులూ ఏం పొయ్యబాకండి" అంది. "దాని నీళ్ళు దానికి ఉంటే చాలు."

బేసినును వాకిట్లో పెట్టింది. పోటు వచ్చినప్పుడల్లా పోయి కొత్త నీళ్ళు తెచ్చి మార్చేది. నేను పొద్దున బడికి పోయేముందు వంగి చూసేవాణ్ణి. మూసుకునే ఉండేవి. మధ్యాహ్నం వచ్చి వంగి చూసేవాణ్ణి. అంతే. సాయంత్రం భూతద్దం పట్టుకుని ఇంకా దగ్గరగా వంగేవాణ్ణి. నా చదువు మీద నాకు అనుమానం మొదలైంది. అన్న కూడా వచ్చి వంగి చూసి నిట్టూర్చి పోయేవాడు.

అక్క వంగేది కాదు. ఆమెకు అంత తీరిక లేదు. వాకిట్లో బేసినుకు అటువైపు కూర్చుని ఎండురొయ్యలు ఏరుకునేది, పొట్టు చెరుక్కునేది. నాలుగో రోజు, ఆదివారం అనుకుంటాను, నేను గదిలో పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. ఆమె గొంతు వినపడింది. పెద్దగా కాదు.

"అయివోరా, గమ్మున రాండి. ఇటుపక్కకి రాండి. మీద వంగబాకండి."

చెప్పులు విడిచి, చుట్టూ తిరిగి వెళ్ళి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాను. ఎండ మా ముఖాల మీద పడుతోంది. నీడ వెనక పడింది. బేసినులో గుల్లలన్నీ తెరుచుకుని ఉన్నాయి.

ఒక్కొక్క నోట్లోంచి కంటిరెప్ప వెంట్రుకల్లాంటి సన్నటి గుత్తి ఒకటి బయటికొచ్చి, విసనకర్రలా విచ్చుకుని, ముందుకు వంగి, నీళ్ళను దోసిలి పట్టినట్టు పట్టి లోపలికి లాక్కుంటోంది. మళ్ళీ వస్తోంది. విచ్చుకుంటోంది. లాక్కుంటోంది. ఒకదాని తర్వాత ఒకటి, ఏ తొందరా లేకుండా, ఆగకుండా. నేను వేసిన బొమ్మలో ఆరు జతల కాళ్ళూ ఉన్నాయి, పేర్లు కూడా తప్పులేదు. అవి కదులుతాయని మాత్రం ఎందుకో నాకు ఎప్పుడూ తోచలేదు.

"ఇది వల గదా" అంది అక్క. "వేస్తాది, లాగతాది."

"అవునక్కా."

"వలేసేవోడు కదలడు. నీళ్ళే తెచ్చి ఇయ్యాల."

"అవును."

"మీరు వంగినప్పుడల్లా మీ నీడ పడతాది. మూసుకుంటాది. రెండు దినాలుగా చూస్తాండాను. నేను ఈడ కూర్చుంటే తెరుస్తాది, మీరు రాంగానే మూస్తాది. మిమ్మల్ని చూసి బయమేమో అనుకున్న్యా. కాదు, మా ఇంటాయన్ని చూసినా అంతే."

నేను చెయ్యి చాపి బేసిను మీద అటు నుంచి ఇటు తిప్పాను. నీడ పోయినచోటల్లా గుల్లలు టక్కున మూసుకున్నాయి. కాసేపటికి ఒక్కొక్కటే తెరిచాయి. ఈ సంగతి మా లెక్చరరు చెప్పలేదు. సీసాలో ఉన్నవాటికి నీడంటే పట్టింపు లేదు కాబట్టి ఆయనకూ తెలిసి ఉండదు.

అక్క కాసేపు ఊరికే చూసింది. తర్వాత అడిగింది.

"దినమంతా అట్నే ఆడిస్తానే ఉంటాదా?"

"నీళ్ళున్నంతసేపూ."

"పడుకునేది ఎప్పుడు?"

"పాటు వచ్చి నీళ్ళు దిగిపోతే తలుపులు వేసుకుని ఊరికే ఉంటుంది. మళ్ళీ పోటు వచ్చేదాకా పనేమీ లేదు."

"మాకన్నా మేలే" అంది, మళ్ళీ రొయ్యలు ఏరుకోవడం మొదలుపెట్టింది.

తర్వాతి ఆదివారం పొద్దున వలలు బాగుచేసుకునే పాక ముందర పంచాయతీ కూర్చుంది. ముప్పై నలభై మంది వచ్చారు. మధ్యలో పీట, పీట మీద పింగాణీ బేసిను. అన్న ఒక పక్క, తమ్ముడు ఇంకో పక్క. తమ్ముడు బేసినుకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఆడవాళ్ళు పాక వార నిలబడ్డారు. నేను బడికి వేసుకునే కోటు వేసుకుని పోయాను. ఎండకు చెమట పడుతున్నా తియ్యలేదు.

పెద్దాయన లేచి వచ్చి బేసిను మీదికి వంగాడు. గుల్లలు మూసుకున్నాయి. ఆయన అలాగే వంగి చూస్తూ ఉన్నాడు. చాలాసేపు చూశాడు. పెద్దాయనకు నీడ సంగతి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. కోటు గుండీలు సవరించుకున్నాను.

పాక వార నుంచి అక్క అంది, "పెద్దాయనా, నీ తల అడ్డం. తియ్యి."

 ఆయన్ని తల తియ్యమన్నవాళ్ళు ఆ పల్లెలో అంతకుముందు ఎవరూ లేరు. ఆయన తల తిప్పి అక్కను చూశాడు. తర్వాత తల తీసి, ఆమె చూపించిన చోట, ఎండకు ఎదురుగా ఇసకలో కూర్చున్నాడు. అందర్నీ ఆ వైపుకే రమ్మంది. నలభై మంది ఒక పక్కన ఇరుక్కుని కూర్చున్నాం. ఎదురుపక్క తమ్ముడు ఒక్కడే మిగిలాడు, వీపు చూపిస్తూ.

కాసేపటికి ఒక గుల్ల తెరిచింది. తర్వాత ఇంకొకటి. తర్వాత అన్నీ.

 పుట్టినప్పటి నుంచి కాళ్ళు కోసుకుంటూ, గీకి పారేస్తూ వచ్చినవాళ్ళు, అది చెయ్యి ఊపుతుంటే చూస్తున్నారు.

"అది చెయ్యా, కాలా?" అడిగాడు పెద్దాయన.

"కాలండీ."

"తల యాడుండాది?"

"కింద. రాయికి అంటించుకుంది."

"తల కింద పెట్టుకోని, కాళ్ళతో అన్నం తింటాదా?"

"అవునండీ."

"పుట్టినకాడి నుంచీనా?"

"లేదండీ. చిన్నప్పుడు ఈదుతూ తిరుగుతుంది. తర్వాత ఒక చోటు నచ్చితే అక్కడ తల అంటించుకుంటుంది. ఇక కదలడానికి లేదు."

పెద్దాయన కొంచెం ఆలోచించాడు. "పెళ్ళి మాదిరి" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా నవ్వలేదు.

అక్క ముందుకు వచ్చి, ఒక పచ్చి రొయ్యను వేళ్ళ మధ్య మెత్తగా నలిపి, ఆ రసం రెండు చుక్కలు బేసిను అంచు నుంచి జారవిడిచింది. నీళ్ళలో మబ్బులా పరుచుకుంది. గుల్లల కాళ్ళు ఒక్కసారిగా వేగం అందుకున్నాయి. మబ్బు కొంచెం కొంచెంగా పల్చబడింది.

"రొయ్యకి చుట్టమంటిరి గదా అయివోరా" అన్నాడు వెనక నుంచి ఎవరో. "చుట్టాన్నే తినేస్తాండాదే?"

నేను జవాబు వెతుక్కునేలోపే పెద్దాయన, "అది లోకంలో ఉండేదే" అన్నాడు. తర్వాత గొంతు పెంచి, "సరే. అందరూ చూసినారు. గుల్ల చెక్క తినదు" అన్నాడు.

అన్న నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. మా నాన్న కూడా నన్ను ఎప్పుడూ అంత ప్రేమగా చూడలేదు.

అప్పుడు తమ్ముడు ఇటు తిరిగాడు. "గుల్ల తినకపోతే మరి నా పడవని ఎవురు తినింది?" అన్నాడు. లేచి పోయి, లోపలికి వచ్చేసిన ఆ పలకను ఊడదీసి మోసుకొచ్చి ఇసకలో పడేశాడు. పైకి చూస్తే అది మామూలు పలకే. అక్కడక్కడ గుండుసూది గుచ్చినట్టు చుక్కలు, అంతే. పెద్దాయన గొడ్డలి తెప్పించి నిలువునా చీల్చాడు.

లోపల చెక్క లేదు. చిటికెన వేలు పట్టేంత సొరంగాలు, ఒకదాని పక్కన ఒకటి, లోపలంతా సున్నం పూసినట్టు తెల్లటి పూత. ఒక సొరంగంలోంచి మెత్తటి, పొడుగాటి పురుగు ఒకటి బయటికి వేలాడింది. ఆ పురుగు వాళ్ళకు కొత్త కాదు. నీళ్ళలో పారేసిన మొద్దుల్లో, పాత గుంజల్లో ఎన్నోసార్లు చూశారు. పడవ గుల్లల కింద అది ఉందని ఎవరూ అనుకోలేదు.

"ఇది ఎప్పుడు పట్టినట్టు?" అన్నాడు పెద్దాయన, ఎవర్నీ ప్రత్యేకంగా అడగనట్టు.

అన్న ఇసక వైపు చూస్తున్నాడు. తమ్ముడు అన్న వైపు చూస్తున్నాడు. అక్క తమ్ముడినీ చూడలేదు, మొగుణ్ణీ చూడలేదు. పలకను చూస్తూ చెప్పింది.

"తినింది పురుగు. వడ్డించింది మా ఇంటాయన. రెండు నెలలు నీళ్ళలో పెట్టి వడ్డించినాడు. నేను దినామూ చెప్తానే ఉండాను, లాగమని."

 అన్న తల ఎత్తి భార్యను చూశాడు. కోప్పడతాడనుకున్నాను.

"నిజమే గదా" అన్నాడు ఆయన.

పెద్దాయన తీర్పు చెప్పాడు. పలకలన్నీ ఊడదీసి కొత్తవి వేసే పని అన్న ఒక్కడిదే. బామ్మర్ది ఒక్క మేకు కూడా కొట్టనక్కర్లేదు. కానీ పని జరిగినన్నాళ్ళూ వచ్చి పాక నీడలో కూర్చోవాలి. పడవలో సగం వాడిది కాబట్టి చూసుకోవాలి. మాట్లాడాలని లేదు, కూర్చుంటే చాలు. తర్వాత నా వైపు తిరిగాడు.

"అరగంటలో తెమిలేది అయివోరి వల్ల ఇన్ని దినాలు పట్టింది. తేలింది మాత్రం ముందు అనుకున్నదే. అందుకని ఆయన సాయంత్రం బడి ఇడిచినాక వచ్చి గుగ్గిలం నూరాల."

ఈ తీర్పు మీద అప్పీలు లేదు. మర్నాటి నుంచి కోటు విప్పి, లుంగీ కట్టుకుని, రోలు ముందు కూర్చుని గుగ్గిలం నూరాను. మా ఎనిమిదో తరగతి పిల్లలు దారిన పోతూ నిలబడి చూసేవాళ్ళు. బడిలో నేనంటే ఉన్న భయం తగ్గింది. సైన్సులో మార్కులు మాత్రం పెరిగాయి.

నూరుతూ నూరుతూ ఉండగా ఒక సాయంత్రం నాకు ఒక సంగతి గుర్తొచ్చింది. చెక్కను తొలిచే ఆ పురుగు నిజానికి పురుగు కాదు. అది ఆలిచిప్పకు చుట్టం, అసలైన గుల్ల జాతి. తల దగ్గర రెండు చిన్న చిప్పలుంటాయి, వాటితోనే చెక్కను తొలుస్తుంది. అంటే, గుల్ల అని మనం పిలిచేది గుల్ల కాదు, రొయ్య. పురుగు అని మనం పిలిచేది పురుగు కాదు, గుల్ల. ఆ లెక్కన పడవను తిన్నది గుల్లే. తమ్ముడు మొదటి రోజు ఏమన్నాడో అదే సరైనది. పరీక్షలో ఈ ప్రశ్నకు నేను సరిగానే జవాబు రాశాను కూడా. పంచాయతీలో ఎందుకు గుర్తు రాలేదో తెలియదు.

ఇంటికి వెళ్ళి అక్కకు చెప్పాను. ఆమె పొయ్యి ఊదుతూ మొత్తం విన్నది. ఊదుడుగొట్టం కింద పెట్టి నా ముఖంలోకి చూసింది.

"ఈ మాట ఇంకెవురికన్నా చెప్పినారా?"

"లేదక్కా."

"చెప్పబాకండి. మళ్ళా మొదటి నుంచీ కూర్చోవాల."

చెప్పలేదు. ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడే చెప్తున్నాను.

పలకల పని మూడు వారాలు పట్టింది. తమ్ముడు దినమూ వచ్చి నీడలో కూర్చునేవాడు. మొదటి వారం బావ వైపు తిరగను కూడా లేదు. రెండో వారం తిరిగాడు, మాట్లాడలేదు. అన్న ఒక్కడే పలక మోసుకొచ్చి, ఒక కొన మోకాలితో తొక్కిపట్టి, ఇంకో కొన వంచి మేకు కొట్టేవాడు. అది జారేది. మళ్ళీ ఎత్తేవాడు. అలా ఒక రోజు ఐదోసారి జారినప్పుడు తమ్ముడు నీడలోంచి అన్నాడు.

"వంకరగా పెడతాండావు."

అన్న అటు తిరగలేదు. "యాడ వంకర?" అన్నాడు.

"ఎడమ పక్క."

అన్న ఎడమ పక్కకు జరిపాడు. "ఇప్పుడో?"

"ఇంకా వంకరే."

ఈ సంభాషణ ఒక గంట నడిచింది. చివరికి తమ్ముడు లేచి వచ్చి రెండో కొన పట్టుకున్నాడు. పెద్దాయన పాక కింద వల చూసుకుంటున్నాడు. తీర్పు ప్రకారం వాడు పట్టుకోకూడదు. ఆయన చూడనట్టే ఉన్నాడు. నేను గుగ్గిలం ఇంకొంచెం గట్టిగా నూరాను.

పడవను నీళ్ళలోకి దించిన రోజు మధ్యాహ్నం తమ్ముడు అక్క ఇంటికి భోజనానికి వచ్చాడు. ఎవరూ పిలవలేదు. వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఎప్పుడూ కూర్చునే చోట కూర్చున్నాడు. నాకూ అన్నకూ కూడా అక్క అక్కడే ఆకులు వేసింది. అన్నం, చేపల పులుసు పెట్టింది. వాడు కలుపుకుని నాలుగు ముద్దలు తిన్నాడు. రెండు నెలల తర్వాత అక్కతో మొదటి మాట మాట్లాడాడు.

"ఉప్పు తక్కువైంది అక్కా."

అక్క లోపలికి పోయి ఉప్పు తెచ్చి వాడి ఆకులో వేసింది. కొంచెం ఎక్కువగానే వేసింది. వాడు ఇంకేమీ అనకుండా మొత్తం తినేశాడు.